గురుపూర్ణిమ వెలుగులో కైవార తాతయ్య

ఆషాఢ శుద్ధ పౌర్ణమిని మనము గురుపూర్ణిమ అనియు, వ్యాసపూర్ణిమ అనియు పిలుచుకొంటాము. ఆనాడు కోలారు, చిక్కబళ్ళాపుర జిల్లాల పల్లెల నుండి వేలాదిమంది తెలుగువారు, కన్నడిగులు చింతామణి తాలూకాలోని కైవార క్షేత్రానికి బయలుదేరుతారు. చంకన బిడ్డనెత్తుకొన్న తల్లులు, చిడతలు పట్టిన వృద్ధులు, తంబూర భుజాన వేసుకొన్న భజనపరులు ఆ దారిన కనిపిస్తారు. వీరందరూ వెళ్ళేది ఒక తాతయ్య సన్నిధికి. రాజ్యమేలినవాడు కాదు, శాస్త్రపాఠశాల నడిపినవాడు కాదు. ఊరూరా తిరిగి గాజులమ్మి పొట్టపోసుకొన్న ఒక సామాన్య గృహస్థు. ఆయనే యోగి నారేయణ యతీంద్రులు. మన వాడుకలో కైవార తాతయ్య.

గురుపూర్ణిమ అంతరార్థాన్ని తెలుసుకోవడానికి వేదాంత గ్రంథాలెన్నో ఉన్నాయి. అయితే ఆ అర్థాన్ని తన జీవితంగా బ్రతికి చూపినవారి కథ వింటే అది మనసుకు త్వరగా హత్తుకొంటుంది. అందుచేత ఈ పర్వదిన సందర్భంగా తాతయ్యగారి జీవిత విశేషాలను పాఠకుల ముందుంచుతున్నాను.

వ్యాసపూర్ణిమ అంటే ఏమిటి?

పరాశర మహర్షికి, సత్యవతీదేవికి యమునా ద్వీపంలో జన్మించినవాడు వ్యాసుడు. ద్వీపంలో పుట్టినందున ద్వైపాయనుడన్నారు. ఆయన జన్మదినమే ఆషాఢ పౌర్ణమి అని పెద్దలు చెబుతారు. ఒక్కటిగా ఉన్న వేదరాశిని నాలుగుగా విభజించి పైలుడు, వైశంపాయనుడు, జైమిని, సుమంతుడు అనే నలుగురు శిష్యులకు ఒక్కొక్క వేదాన్ని అప్పగించాడు. మహాభారతాన్ని, పురాణాలను లోకానికందించాడు. ఒక్కరి తలలో నిలువలేని విద్యను పలువురికి పంచి, తరతరాలకు అందేటట్లు ఏర్పాటు చేసినవాడు గనుక ఆయనను ఆదిగురువుగా పూజిస్తున్నాము.

సన్న్యాసులు ఆనాడే చాతుర్మాస్య దీక్ష పూనుతారు. వానకాలంలో నేలమీద పురుగు పుట్ర విస్తారంగా తిరుగుతాయి. కాలి క్రింద ఏ ప్రాణీ నలిగిపోకూడదని సంచారం మాని ఒకేచోట నిలిచి, అధ్యయనంలోను బోధనలోను కాలం గడుపుతారు. ఊరూరా తిరిగే గురువు ఒక ఊరిలో నిలిచిపోతే ఆ ఊరివారికి వినే భాగ్యం కలుగుతుంది. ఆ దీక్షారంభాన వ్యాసపూజ చేసి, గురుపరంపరను పేరుపేరునా స్మరించుకొంటారు. బౌద్ధులకు సైతం ఈ పౌర్ణమి పవిత్రమైనది. బుద్ధభగవానుడు సారనాథ్‌లో తన మొదటి ఐదుగురు శిష్యులకు ధర్మబోధ చేసినది ఆషాఢ పౌర్ణమినాడే అని వారి నమ్మకం.

మన పల్లెలలో ఆషాఢమంటే రాగి విత్తే కాలం. ఆకాశమంతా మబ్బులు. పున్నమి నాడు కూడా చంద్రుడు కనబడని రాత్రులే ఎక్కువ. అయినా తిథి తప్పదు, పూజ ఆగదు. మబ్బు వెనుక చంద్రుడున్నాడని మనకు తెలుసు. గురువు కూడా అటువంటివాడే. కంటికి కనిపించినా కనిపించకపోయినా ఆయన ఇచ్చిన వెలుగు మనలో ఉన్నదని నమ్మడమే గురుపూజ.

ఏకచక్రపురమే కైవారం

కైవారం బెంగళూరుకు ఈశాన్యంగా, చింతామణి పట్టణానికి చేరువలో కొండల నడుమ ఉన్న ఊరు. 2007వ సంవత్సరం వరకు కోలారు జిల్లాలో ఉండి, ఆ తరువాత క్రొత్తగా ఏర్పడిన చిక్కబళ్ళాపుర జిల్లాలో చేరింది. మహాభారతంలోని ఏకచక్రపురం ఇదేనని స్థలపురాణం. లక్క ఇంటి నుండి తప్పించుకొన్న పాండవులు బ్రాహ్మణ వేషంలో తలదాచుకొన్నదీ, భీముడు బకాసురుని సంహరించినదీ ఇక్కడేనని మనవారి విశ్వాసం. భీముడు ప్రతిష్ఠించినట్లు చెప్పే భీమలింగేశ్వరాలయం ఊరిలో ఉన్నది.

ఇక్కడ ఒక విశేషాన్ని గమనించవలెను. అరణ్యంలో దిక్కుతోచక తిరుగుతున్న పాండవులను ఏకచక్రపురానికి తీసుకొనిపోయి, కొంతకాలం ఓపికగా ఉండుమని చెప్పినవాడు వ్యాసుడే అని భారతంలోని ఆదిపర్వం చెబుతుంది. స్థలపురాణాన్ని నమ్మేవారికి కైవారం వ్యాసుని అడుగు పడిన నేల. వ్యాసపూర్ణిమ మరెక్కడకంటె ఇక్కడ ఘనంగా జరగడంలో ఆశ్చర్యం లేదు.

ఊరిలోని మరొక పురాతన దేవాలయం అమరనారాయణస్వామిది. వృత్రాసుర సంహారానంతరం దేవేంద్రుడు ఈ స్వామిని ప్రతిష్ఠించినాడని ఐతిహ్యం. అమరుల ప్రభువు ప్రతిష్ఠించిన నారాయణుడు గనుక అమరనారాయణుడైనాడు. మన తాతయ్యగారి కావ్యజీవితమంతా ఈ స్వామి చుట్టూనే తిరిగింది.

గాజుల మలారం

మఠ సంప్రదాయం ప్రకారం తాతయ్యగారు 1726వ సంవత్సరంలో కైవారంలో బలిజ కుటుంబంలో జన్మించారు. తల్లి ముద్దమ్మ, తండ్రి కొండప్ప. పెట్టిన పేరు నారాయణప్ప. చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకొని బంధువుల ఇండ్లలో పెరిగాడు. పెద్దవాడైన తరువాత పెండ్లి జరిగింది, పిల్లలు కలిగారు. కులవృత్తి గాజుల వ్యాపారం. మలారం భుజాన వేసుకొని చుట్టుప్రక్కల పల్లెలన్నీ తిరగడం ఆయన నిత్యకృత్యమైనది.

గాజులమ్మేవారి వృత్తి ఎటువంటిదో మన పాఠకులలో పెద్దవారికి తెలుసు. ఇప్పుడంటే అంగళ్ళు వచ్చాయి గాని, ఒకప్పుడు గాజులవాడు ఊరిలోకి వచ్చినాడంటే ఆడవారందరూ అరుగు దగ్గర చేరేవారు. గాజులవాడికి కులభేదం లేదు. రెడ్డిగారి కోడలి చేయి, కూలిపని చేసే అమ్మ చేయి, సీమంతానికి కూర్చున్న ఆడపిల్ల చేయి అన్నీ అతడు పట్టుకొని నొప్పి పుట్టకుండా గాజులు తొడగవలసిందే. ప్రతి ఇంటి శుభమూ అతనికి తెలుసు. చేతులు బోసిపోయిన ఇంటి దుఃఖమూ అతనికి తెలుసు. లోకాన్ని ఇంత దగ్గరగా చూసే వృత్తి మరొకటి అరుదు. తాతయ్యగారి తత్త్వాలలో కులగర్వాన్ని, బాహ్యాడంబరాన్ని ఖండించే ధోరణి కనిపిస్తుంది. ఆ చూపు ఆయనకు పుస్తకాలకంటె ముందు ఈ పల్లెల అరుగులమీదనే కలిగి ఉంటుందని నాకు తోస్తుంది.

అయితే వ్యాపారంలో ఆయన నేర్పరి కాడు. భజన వినిపిస్తే మలారం దించి అక్కడే కూర్చునేవాడని, డబ్బు అడగడం మరచిపోయేవాడని జనం చెప్పుకొంటారు. వట్టి చేతులతో ఇంటికి వస్తే ఇల్లాలు ఊరుకొంటుందా? పొయ్యి వెలిగించవలసినది ఆమె. పిల్లల ఆకలి తీర్చవలసినది ఆమె. ఇంటిలో మాటలు పెరిగాయి. తాతయ్యగారి కథ చెప్పేటప్పుడు ఆ తల్లిని గయ్యాళిగా చిత్రించడం పరిపాటి అయినది. అది న్యాయం కాదు. భక్తుడైన భర్తతో సంసారం చేయడం ఎంత కష్టమో ఆమెకే తెలుసు. ఈ కథలో ఆమె వాటా కూడా ఉన్నది.

పరదేశి ఇచ్చిన గులకరాయి

ఇటువంటి రోజులలో, గాజులమ్మడానికి వెళ్ళిన దారిలో ఆయనకు ఒక సాధువు దర్శనమైనది. ఆయన పేరు పరదేశిస్వామి. పరదేశి అంటే వేరొక దేశంనుండి వచ్చినవాడని అర్థం. ఎక్కడనుండో వచ్చి, ఒక గాజులవానికి జ్ఞానమిచ్చి, తన మార్గాన తాను వెళ్ళిపోయిన గురువు ఆయన.

స్వామి నారాయణప్పకు అష్టాక్షరీ మంత్రాన్ని ఉపదేశించారు. ఒక గులకరాయిని నోటిలో పెట్టుకొని మంత్రజపం చేయుమని, ఆ రాయి కలకండగా మారిననాడు సాధన ఫలించినట్లు తెలుసుకొమ్మని ఆజ్ఞాపించారు. ఈ ఘట్టం మన ప్రాంతంలో భజన మండలి లేని పల్లెలోనైనా తెలియనివారుండరు.

నారాయణప్ప కైవారం సమీపంలోని కొండగుహను చేరి తపస్సుకు కూర్చున్నాడు. సంవత్సరాలు గడిచాయి. రాయి కలకండ అయినదని సంప్రదాయం చెబుతుంది. ఈ గుహను నేటికీ యాత్రికులు దర్శించి వస్తుంటారు.

రాయి కలకండ కావడమంటే ఏమిటి? మహిమ అని నమ్మేవారు నమ్మవచ్చు. వారి నమ్మకాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఒక ఉపాధ్యాయునిగా నాకు ఇందులో మరొక అర్థం కూడా కనిపిస్తుంది. నోటిలో రాయి ఉన్నవాడు ఎక్కువ మాట్లాడలేడు. పరుష వాక్యం పలకలేడు. అతని నాలుకకు మిగిలినది ఒక్క నామమే. మొదటిరోజు ఆ రాయి పండ్లకు తగులుతుంది, దవడ నొప్పి పెడుతుంది, ఉమ్మివేయాలని అనిపిస్తుంది. రోజులు గడిచేకొద్దీ అలవాటవుతుంది. అలవాటు ఇష్టంగా మారుతుంది. ఇష్టం రుచిగా మారుతుంది. అక్షరాలు దిద్దే పసివానికి పలక మొదట రాయివంటిదే. ఏడుస్తూ దిద్దిన ఆ అక్షరమే తరువాత తియ్యని కథ అవుతుంది, పద్యమవుతుంది. గురువు ఇచ్చేది ఎప్పుడూ రాయిలాగానే ఉంటుంది. దానిని కలకండగా మార్చుకోవడం శిష్యుని ఓపిక. పరదేశిస్వామి ప్రక్కన కూర్చుని రోజూ బుజ్జగించలేదు. చెప్పి వెళ్ళిపోయారు. చెప్పిన మాటను వదలకుండా పట్టుకోవడమే నారాయణప్ప చేసిన గురుపూజ.

నారాయణప్ప నారేయణ యోగి అయినాడు

గుహ నుండి తిరిగివచ్చిన మనిషిని ఊరు వెంటనే గురువుగా గౌరవించలేదు. నిన్నటివరకు గాజులు తొడిగినవాడు నేడు వేదాంతం చెబితే వినడానికి ఎవరికైనా అభిమానం అడ్డు వస్తుంది. హేళన చేసినవారున్నారు, పరీక్షించినవారున్నారు. ఆయన ఎవరితోనూ వాదానికి దిగక, అమరనారాయణస్వామి సన్నిధిని, కొండను ఆశ్రయించుకొని కీర్తనలు, తత్త్వాలు, శతక పద్యాలు చెప్పుకొంటూ పోయాడు. క్రమంగా వినేవారు పోగైనారు. శిష్యులైనారు.

ఆయన పుట్టింది వైష్ణవ భక్తిలో. ఉపాసించినది నారాయణ మంత్రం. చేసినది యోగసాధన. చెప్పినది అద్వైతానికి చేరువైన తత్త్వం. తన రచనలలో నారేయణ అనే రూపంలో పేరు చెప్పుకొన్నారు. అందుచేతనే యోగి నారేయణ అనే పేరు స్థిరపడినది. అమరనారేయణ శతకం ఆయన రచనలలో ప్రసిద్ధమైనది. నాదాన్ని బ్రహ్మముగా భావించి, లోపల వినిపించే ప్రణవధ్వనిలో మనసును లీనం చేయడం ఆయన బోధించిన సాధన. గుడి, క్షేత్రం, తీర్థం అన్నీ మంచివే గాని, దేహమనే గుడిలోని దేవుని మరువరాదని ఆయన సారాంశం. రాగిచేనిలో కలుపు తీస్తూ పాడుకొనే ఆడవారికి సైతం ఈ గహనమైన విషయం అర్థమయ్యే మాటలలో చెప్పడం ఆయన గొప్పతనం.

కల్లోల కాలంలో ఒక వృద్ధుడు

తాతయ్యగారి జీవితకాలం 1726 నుండి 1836 వరకు, నూటపది సంవత్సరాలని మఠ సంప్రదాయం. ఆ కాలంలో మన ప్రాంతం పడిన పాట్లు తలచుకొంటే ఆయన మాటలకున్న బరువు తెలుస్తుంది.

కోలారు సీమలోని బూదికోటలో పుట్టిన హైదర్ అలీ 1761లో మైసూరు రాజ్యాధికారాన్ని చేజిక్కించుకొన్నాడు. అప్పటికి తాతయ్యగారికి ముప్పది అయిదేండ్లు. మరాఠా దండ్లు ఈ సీమమీదుగా వచ్చి పోతూనే ఉండేవి. 1768లో ఇంగ్లీషువారు కోలారును పట్టుకొన్నారు. 1791లో కారన్‌వాలిసు సేన మరల ఈ ప్రాంతంలో అడుగు పెట్టినది. అదే సంవత్సరం అక్టోబరులో నందిదుర్గం కూలినది. ఆ సంవత్సరమూ, మరుసటి సంవత్సరమూ దక్కను దేశమంతటా భయంకరమైన కరువు వ్యాపించినది. 1799లో శ్రీరంగపట్టణంలో టిప్పుసుల్తాను మరణించాడు. 1831లో మైసూరు పరిపాలన ఇంగ్లీషువారి చేతికి పోయింది. ఒక్క మనిషి ఆయుర్దాయంలో ఇన్ని రాజ్యాలు మారాయి. ఏ రాజు వచ్చినా రైతు కల్లంలోని గింజలకు లెక్క కట్టేవారే. ఏ సైన్యం నడిచినా తొక్కేది చేనినే.

ఇటువంటి కాలంలో కాలజ్ఞానం పుట్టడం సహజం. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానాన్ని కందిమల్లాయపల్లె ప్రాంతంవారు ఎట్లా చెప్పుకొంటారో, కైవార తాతయ్యగారి కాలజ్ఞానాన్ని మన సీమవారు అట్లా చెప్పుకొంటారు. ఏ భవిష్యత్తు నిజమైనది, ఏది కాలేదు అనే లెక్కలో పడితే అసలు సంగతి జారిపోతుంది. కోటలు కూలుతాయి, ధనికులు దరిద్రులవుతారు, అధికారం చేతులు మారుతుంది, ధర్మం తప్పినవారికి శాంతి ఉండదు అని భయపడుతున్న పల్లెజనానికి ఒక వృద్ధుడు ధైర్యం చెప్పడం అందులోని సారం. దొరలు రాసి ఇచ్చిన కౌలునామాలు మారిపోయాయి. తాతయ్య చెప్పిన మాట మాత్రం మన ముత్తవ్వల నోట నిలిచినది.

తాతయ్య అనే పిలుపు

గురువులను స్వామి అంటాము, ఆచార్యులంటాము, యతీంద్రులంటాము. ఈయనకు ఆ పేర్లన్నీ ఉన్నా జనం నోట నిలిచినది తాతయ్య అనే పిలుపే. కన్నడం మాట్లాడేవారు కూడా కైవార తాతయ్య అనే అంటారు. తాత అంటే భయముండదు. మడి అడ్డురాదు. తప్పు చేసినా దగ్గరకు పోవచ్చు. గురువును ఇంటి పెద్దగా భావించుకొన్న ప్రజల మనస్తత్త్వం ఈ ఒక్క పిలుపులో ఉన్నది.

ఆయన తెలుగులోను కన్నడంలోను రచించారు. తెలుగు రచనలే ఎక్కువ. దక్షిణాన తిరువయ్యారులో త్యాగరాజస్వామి (1767–1847) తమిళ దేశం నడుమ తెలుగులో కీర్తనలు చెప్పుకొంటున్న కాలంలోనే, ఇక్కడ కన్నడ దేశంలో తాతయ్యగారు తెలుగులో తత్త్వాలు చెప్పుకొంటున్నారు. ఇద్దరికీ రాజాశ్రయం లేదు. ఇద్దరి మాటనూ శిష్యుల కంఠమే కాపాడినది. తాతయ్యగారి తెలుగు మన కోలారు, చింతామణి, శ్రీనివాసపుర పల్లెల తెలుగు. ఇటు కన్నడం, అటు మదనపల్లె మాటల యాస రెండూ కలిసిన పలుకుబడి. అది తక్కువ తెలుగు అని ఎవరైనా అంటే, అదే తెలుగులో ఒక యోగి పరమార్థాన్ని చెప్పినాడని మనం ధైర్యంగా సమాధానం చెప్పవచ్చు.

సమాధి, మఠం, మహోత్సవం

1836లో తాతయ్యగారు కైవారంలో జీవసమాధి పొందినారని భక్తుల విశ్వాసం. ఆ సమాధి స్థలమే నేటి యోగి నారేయణ మఠానికి మూలం. చాలాకాలం చిన్న క్షేత్రంగానే ఉండినది. బెంగళూరులో విద్యాసంస్థలు స్థాపించిన ఎం.ఎస్. రామయ్యగారు (1922–1997) తాతయ్య భక్తులై మఠాభివృద్ధికి కృషి చేశారు. తాతయ్యగారి తెలుగు రచనలు కన్నడ లిపిలో అచ్చయి ఇంటింటికి చేరుతున్నాయి. కర్ణాటక ప్రభుత్వం ఇటీవలి సంవత్సరాలలో ఫాల్గుణ పౌర్ణమినాడు ఆయన జయంతిని జరుపుతున్నది. జయంతి ఒక పౌర్ణమి, గురుపూజ మరొక పౌర్ణమి. 1726ను లెక్కకు తీసుకొంటే 2026వ సంవత్సరానికి ఆయన జన్మించి మూడువందల సంవత్సరాలు.

గురుపూర్ణిమ సందర్భంగా కైవారంలో మూడు దినాల సంగీతోత్సవం జరుగుతుంది. రేయింబవళ్ళు సంగీతం ఆగదు. పేరుపొందిన విద్వాంసులు పాడిన వేదికమీదనే పల్లె భజన మండలులు కూడా తాతయ్య తత్త్వాలు పాడుతాయి. పొలం పనికి పోయే మనిషి, ఆనాటికి ఉతికిన పంచె కట్టుకొని, తాళం పట్టుకొని, తన వంతు రాగానే కన్నులు మూసుకొని పాడడం చూడవలసిన దృశ్యం. తాతయ్యగారు నాదోపాసకులు. ఆయనకు పూలకంటె నాదమే నైవేద్యం.

మన ఇండ్లలో గురుపూజ

కైవారం పోలేనివారు ఇంటిలోనే ఈ పర్వాన్ని ఆచరించవచ్చు. ఉదయాన స్నానం చేసి, వ్యాసుని, తమ కులగురువును, తాతయ్యగారిని తలచుకొని దీపం పెట్టి, తులసి, పూలు సమర్పించి, కలకండ నైవేద్యం పెట్టి పంచవచ్చు. ఆ కలకండ ముక్క పిల్లల చేతిలో పెట్టేటప్పుడు గులకరాయి కథ తప్పక చెప్పవలెను. కథ చెప్పకుండా పెట్టిన ప్రసాదం వట్టి తీపి మాత్రమే. చదువు చెప్పిన పంతులుగారు బ్రతికి ఉంటే వెళ్ళి నమస్కరించవలెను. సాయంకాలం ఇంటిల్లిపాది కూర్చుని ఒక్క తత్త్వమైనా పాడుకొనవలెను.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. నేను కన్నడ మాధ్యమ పాఠశాలలో పనిచేస్తున్నాను. ఇంటిలో తెలుగు, బడిలో కన్నడం. మా అవ్వకు చదువు రాదు. తాతయ్య తత్త్వాలు నలభైకి పైగా ఆమెకు కంఠతా వచ్చేవి. రాగి విసురుతూ, మనుమలను నిద్రపుచ్చుతూ పాడేది. ఆమె ఉన్నంతకాలం, ఎప్పుడైనా వ్రాసుకోవచ్చులే అనుకొన్నాను. సెలవులలో వ్రాద్దాము, పరీక్షలైన తరువాత వ్రాద్దాము అంటూ వాయిదా వేశాను. ఆమె పోయిన తరువాత కాగితం ముందు పెట్టుకొని కూర్చుంటే నాకు పూర్తిగా గుర్తుకు వచ్చినవి ఎనిమిది. మిగిలినవాటిలో కొన్ని అచ్చు పుస్తకాలలో దొరికాయి. కాని ఆమె పాడిన వరుస ఏ పుస్తకంలోను లేదు. రోజూ పిల్లలకు పాఠాలు చెప్పే నేను, ఇంటిలోని గురువు దగ్గర పాఠం నేర్చుకోలేదు. ప్రతి గురుపూర్ణిమకు ఈ సంగతి నన్ను బాధిస్తుంది.

గత ఏడాది మా ఊరి భజనలో ఒక పదేండ్ల పాప తాతయ్య తత్త్వం పాడినది. చేతిలో నోటుపుస్తకం. తొంగిచూస్తే అక్షరాలన్నీ కన్నడం, మాటలన్నీ తెలుగు. ప్రక్కింటి అవ్వ చెబుతుంటే తానే వ్రాసుకొన్నానని చెప్పినది. తెలుగు లిపి రాదని సిగ్గుపడబోయినది. సిగ్గు పడవలసినది ఏమీ లేదని, నేను చేయని పని ఆమె చేసినదని చెప్పి, ఆ పుస్తకాన్ని కన్నులకద్దుకొని ఇచ్చాను. వీలైతే మన పిల్లలకు తెలుగు లిపి కూడా నేర్పుదాము. అది వచ్చేదాకా మాట ఆగకూడదు. వచ్చిన లిపిలోనే వ్రాయించుదాము.

వ్యాసుడు వేదాన్ని నలుగురికి పంచినది అది నిలవాలని. పరదేశిస్వామి గాజులవాని నోటిలో మంత్రముంచినది అది పలకాలని. తాతయ్యగారు తమ జ్ఞానాన్ని తెలుగులో తత్త్వాలుగా కట్టినది అవి మన వీధులలో వినబడాలని. అందుకొన్నవాడు మరొకరికి అందించినప్పుడే గురువు ఋణం తీరుతుంది. మీ ఇంటిలో ఇంకా పాడే అవ్వ ఉంటే, తత్త్వం చెప్పే తాత ఉంటే, ఈ పౌర్ణమినాడు వారి దగ్గర కూర్చోండి. ఒక్కటి నేర్చుకోండి. వారు పలికినట్లే, వారి వరుసలోనే వ్రాసిపెట్టుకోండి. రాబోయే గురుపూర్ణిమకు అది మీ పిల్లల నోట వినబడితే, కైవార తాతయ్యగారికి అంతకంటె మంచి పూజ లేదు.

అందరికీ గురుపూర్ణిమ శుభాకాంక్షలు.